తాయెత్తు కట్టిన కారు

రెండు వారాల క్రితం ఒక ఆదివారం మధ్యాహ్నం మిత్రులొకరు మా ఇంటికి వచ్చారు. గరాజులో బానెట్ ఎత్తి పెట్టి ఉన్న నా పాత కారులోకి తొంగి చూశారు. ముందుభాగంలో వెండిపళ్ళెంలా మెరుస్తున్న అల్యూమినియం రేడియేటరును వేలితో తట్టి, "ఇంత మందం రేడియేటరు పెట్టాక ఇంకేం భయమండీ, టెక్సాస్ ఎండ మిమ్మల్నేం చేస్తుంది?" అన్నారు. అంతటితో ఆగి ఉంటే ఈ వ్యాసం రాయవలసిన పని ఉండేది కాదు. తన కారుకూ అలాంటిదే, ఇంకా మందమైనది, తెప్పించుకున్నారట. దాన్ని బిగించుకొని, వచ్చే జూన్‌లో పన్నెండేళ్ళ కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని బిగ్ బెండ్ ఎడారిదాకా వెళ్ళి వస్తారట.

నేను చిరునవ్వు నవ్వి, కాఫీ ఇచ్చి సాగనంపాను. ఆ చిరునవ్వు నా మనసును అప్పటినుంచీ తొలుస్తూనే ఉంది. ఎదుటి మనిషి ఒక తప్పుడు నమ్మకాన్ని మూటగట్టుకొని, బిడ్డను వెంటబెట్టుకొని ఎడారికి బయలుదేరుతుంటే నోరు మూసుకోవడం మర్యాద కాదు, పిరికితనం. అందుచేత ఆనాడు అనవలసిన మాటలు ఇక్కడ అంటున్నాను. ఆయన ఈ పేజీ చదువుతారు. చదివి కోపగించుకున్నా నాకు సమ్మతమే.

నా వాదం ఇది. స్పోర్ట్స్ కారుకు బయటి తయారీదారుల రేడియేటరు బిగించడం దోషం కాదు. నేనూ బిగించాను, మళ్ళీ అవసరమైతే మళ్ళీ బిగిస్తాను. కాని దాన్ని యంత్రంలో ఒక భాగంగా కాక, మెడలో వేసుకునే తాయెత్తుగా బిగించడం దోషం. తాయెత్తు కట్టుకున్నవాడు వైద్యుడి దగ్గరకు వెళ్ళడం మానేస్తాడు. కొత్త రేడియేటరు బిగించినవాడు ఉష్ణమాపకం వంక చూడడం మానేస్తాడు. ఈ రెండూ ఒకే జాతి రోగాలు.

(సాహిత్యం రాసుకునే చోట ఈ ఇనుప గోల ఏమిటని అడిగేవారికి ఒక్క మాట. ఏతం తొక్కుతూ పాటలు కట్టుకున్న జాతి మనది. ఏతానికి లేని అంటు రేడియేటరుకు మాత్రం ఎందుకు?)

నా కారు 1992 నాటి మాజ్దా మియాటా. 1989 ఫిబ్రవరిలో షికాగో ప్రదర్శనలో లోకానికి పరిచయమైన బుల్లి రెండు సీట్ల బండి. జపాన్‌లో యూనోస్ రోడ్‌స్టర్ అన్నారు, ఐరోపాలో ఎమ్మెక్స్-5 అన్నారు. హెడ్‌లైట్లు కనురెప్పల్లా లేస్తాయి, బరువు ఇంచుమించు ఒక టన్ను. తరాలు మారుతూ 2016లో ఆ పేరుతో తయారైన బండ్ల సంఖ్య పది లక్షలు దాటింది. ధనవంతుల బొమ్మ కాదిది, జీతగాడి సరదా. కాబట్టే దాని యజమానుల్లో తొంభై పాళ్ళు నాలాగే స్వయంగా చేతులకు మసి పూసుకునేవారు. కాబట్టే వారికి విడిభాగాలమ్మే అంగళ్ళూ లెక్కకు మిక్కిలి.

ఈ బండికి హిరోషిమావారు ఇచ్చిన అసలు రేడియేటరు మధ్యభాగం అల్యూమినియం. పైనా కిందా ఉండే తొట్లు మాత్రం గాజుపీచు కలిపిన నైలాన్ ప్లాస్టిక్కు. లోహపు అంచును పళ్ళలాగా వంచి, నడుమ రబ్బరు పట్టీ వేసి, ప్లాస్టిక్ తొట్టిని నొక్కి పట్టిస్తారు. కొత్తలో పైతొట్టి నల్లగా ఉంటుంది. ఏళ్ళ తరబడి ఉడికి ఉడికి గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ రంగు వచ్చిందంటే ప్లాస్టిక్ పెళుసెక్కిందని అర్థం. నాడి చూడనక్కరలేదు, రంగే చెబుతుంది. నా బండిలో ఆ రంగు రెండేళ్ళపాటు నాకు చెబుతూనే ఉంది, నేనే వినలేదు.

జూలై నెల. కారులో నేనూ, మా పెద్దమ్మాయీ. పై కప్పు దించి రహదారి మీద పోతున్నాం. ముందుగా తీపి వాసన వచ్చింది, పాకం మాడుతున్నట్టు. తర్వాత అద్దం మీద సన్నని తుంపర పడింది. నేను కంగారుగా వేగం తగ్గిస్తుంటే అమ్మాయి డాష్‌బోర్డు చూసి, "సూది మధ్యలోనే ఉంది కదా నాన్నా, ఏం కాలేదు" అంది. నిజమే, సూది మధ్యలోనే ఉంది. పక్కకు ఆపి బానెట్ ఎత్తేసరికి ఆవిరి ముఖాన కొట్టింది. పైతొట్టి అతుకు దగ్గర జానెడు పొడవున పగిలి, ఉన్న ఆరు లీటర్ల ద్రవంలో సగానికి పైగా రోడ్డుపాలైంది. ఇంకో ఐదు నిమిషాలు ఆ సూదిని నమ్మి నడిపి ఉంటే ఇంజను తల వంగిపోయేది. అది తర్వాతి సంగతి. పక్కన బిడ్డ ఉండగా, లారీలు దూసుకుపోయే రహదారి అంచున, నీడ లేని చోట గంటన్నర నిలబడవలసి వచ్చింది. ఆ గంటన్నరే నా చేత ఇంత కఠినంగా రాయిస్తున్నది.

ఆ సూది ఎందుకు అబద్ధమాడిందో మిత్రులకు తెలియాలి. ఉష్ణోగ్రతను కొలిచే మొన ద్రవంలో మునిగి ఉన్నప్పుడే నిజం చెబుతుంది. ద్రవం కారిపోయి అది ఆవిరిలోనో గాలిలోనో వేలాడుతుంటే దాని మాటకు విలువ లేదు. ఇది ఒక సంగతి. రెండవది ఇంకా ఘోరమైనది. ఈ కాలపు కార్లలో ఆ సూదిని కావాలనే మందకొడిగా చేశారు. మామూలు వేడి నుంచి చెప్పుకోదగ్గ వేడి దాకా అది నడిమధ్యన బాసింపట్టు వేసుకొని కూర్చుంటుంది. అది కదిలే వేళకు కొంప మునిగి ఉంటుంది. ఈ బండిలోనే ఇంకొక నిదర్శనం ఉంది. తొలి సంవత్సరాలలో నూనె పీడనం చూపే మాపకం నిజమైనది, ఇంజను వేగాన్నిబట్టి సూది ఊగేది. 1995 మోడల్ నుంచి దాని స్థానంలో ఒక స్విచ్చి పెట్టారు. పీడనం కనీసం ఉంటే సూది మధ్యకు వస్తుంది, లేకపోతే పడిపోతుంది, నడుమ మరేమీ లేదు. ఊగే సూదిని చూసి యజమానులు బెంబేలెత్తుతున్నారని అలా చేశారంటారు. రోగి కంగారు పడుతున్నాడని జ్వరమానిని పాదరసాన్ని 98 దగ్గర అతికించినట్టుంది! అందుచేత రేడియేటరుకు పెట్టే డబ్బులో పదో వంతు పెట్టి అంకెలు చూపే మాపకమొకటి ముందు బిగించుకోండి. నేను బిగించుకున్నాను, కాని తర్వాత. వరుస తప్పింది.

ఇక కొనుగోలు పురాణం. అమ్మినవారి పేరు చెప్పను, అవసరం లేదు, ఆ అంగళ్ళన్నిటి భాషా ఒకటే. బోల్టుకు బోల్టు సరిపోతుంది, కోత లేదు, అతుకు లేదు, రెట్టింపు చల్లదనం. పెట్టె వచ్చింది. లోపల వస్తువు చూడముచ్చటగా ఉంది, అతుకుల మీద వెల్డింగు పూసగుచ్చినట్టుంది. సూచనల పత్రంలో ఉన్న సూచన ఒక్కటే: నిపుణులచేత బిగించుకొనవలెను.

శనివారం ఉదయం మొదలుపెట్టాను. బండి చల్లారే దాకా ఆగి, ముందు చక్రాలెత్తి స్టాండ్ల మీద నిలబెట్టి, కింది మరను విప్పి ద్రవాన్ని బేసిన్‌లోకి వదిలాను. పై గొట్టం, కింది గొట్టం, ఫ్యాన్ల తీగలు, నాలుగు బోల్టులు. పాతది గంటలో చేతికి వచ్చేసింది. అసలు తయారీదారుడి పనితనం తెలిసేది విప్పేటప్పుడే. కొత్తది బిగించడానికి రెండు రోజులు పట్టింది. కుడివైపు రంధ్రం చిటికెన వేలంత పక్కకు జరిగి ఉంది. ఆకురాయి పట్టుకొని దాన్ని కోలగా అరగదీశాను. కింది గొట్టం మూతి ఒక చుట్టు లావు, వేడినీళ్ళలో నానబెట్టిన గొట్టాన్ని బలవంతాన ఎక్కించాను. అన్నిటికంటే పెద్ద గండం ఫ్యాన్ల దగ్గర వచ్చింది. పాత రేడియేటరుకు వాడిన బోల్టు కొత్తదానికి రెండు మిల్లీమీటర్లు పొడవు. చివరిదాకా తిప్పితే అది మరను దాటి పోయి లోపలి గొట్టాన్ని పొడుస్తుంది. మొదటి బోల్టు బిగుసుకుంటుంటే చేతికి ఏదో తేడా తగిలి ఆపాను. ఆపకపోయి ఉంటే ఆ కొత్త వస్తువు మొదటి రోజే చిల్లుకుండ అయ్యేది. అమ్మినవారికి రాస్తే, "మీ కారు ఎప్పుడో ప్రమాదానికి గురై వంగి ఉంటుంది" అని జవాబు వచ్చింది. రంధ్రాల సంగతి సరే, బోల్టు పొడవు కూడా ప్రమాదంలో పెరిగిందా అని అడిగాను. దానికి జవాబు రాలేదు.

విజయవాడ ఆటోనగర్లో చిన్నప్పుడు చూసిన రేడియేటరు మేస్త్రీ ఇక్కడ గుర్తుకొస్తున్నాడు. మా మేనమామగారి అంబాసిడరు రేడియేటరును ఆయన దగ్గరకే తీసుకెళ్ళేవాళ్ళం. రాగీ ఇత్తడీ కలిసిన బరువైన వస్తువది. గొట్టాల మూతులు మూసి, గాలి కొట్టి, నీళ్ళ తొట్టిలో ముంచేవాడు. బుడగ ఎక్కడినుంచి వస్తే అక్కడ సుద్దముక్కతో గీత. తర్వాత టంకం. లోపల చిలుము పడితే పైతొట్టి టంకం కరిగించి విప్పి, సన్నని పట్టీ దూర్చి ఒక్కొక్క గొట్టాన్నీ శుభ్రం చేసేవాడు. రాగి వేడిని మోసే శక్తి అల్యూమినియం కంటే ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఎక్కువ. అయినా కార్ల కంపెనీలు 1970ల చివరినుంచి అల్యూమినియానికీ ప్లాస్టిక్కుకూ మళ్ళాయి. అల్యూమినియం రాగిలో మూడో వంతు బరువు, చవక, వెడల్పు గొట్టాలు చేయవచ్చు, యంత్రాలే అతికిస్తాయి. ఆ లెక్కల్లో తప్పేమీ లేదు. కాని ఆ మేస్త్రీ మొదట నీళ్ళ తొట్టిలో ముంచి, బుడగ ఎక్కడుందో చూశాకే టంకపు కడ్డీ పట్టుకునేవాడు. ముందు పరీక్ష, తర్వాత చికిత్స. ఇప్పుడు మనం బుడగ వెతకకుండానే కొత్త రేడియేటరు తెప్పిస్తున్నాం. నా అసలు కోపం అక్కడ.

ఎందుకంటే, అంత కష్టపడి బిగించాక నా బండి చల్లబడలేదు. వీధుల్లో బాగానే ఉంది. నలభై డిగ్రీల ఎండలో రహదారి ఎక్కి పది మైళ్ళు పోయేసరికి కొత్తగా పెట్టిన అంకెల మాపకం 100 దాటి పైకి పాకడం మొదలుపెట్టింది. రెట్టింపు చల్లదనం ఎటు పోయింది?

ఇక్కడ చదువరులు ఒక చిన్న సూత్రం గుర్తుపెట్టుకోవాలి. బండి ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడితే తప్పు ఫ్యాన్లది. ఆగి ఉన్నప్పుడు బాగుండి, వేగంలో వేడెక్కితే తప్పు గాలి దారిదో, నీటి ప్రవాహానిదో. నాది రెండో రకం. బండి కింద పడుకొని చూస్తే సంగతి తేలింది. ముందు బంపరు కింద అండర్‌ట్రే అనే నల్లని ప్లాస్టిక్ పలక ఉండాలి. లేదు. పూర్వపు యజమాని ఎప్పుడో నూనె మార్చడానికి విప్పి, మళ్ళీ బిగించే ఓపిక లేక పారేసి ఉంటాడు. రేడియేటరు చుట్టూ ఉండవలసిన నురుగు పట్టీలు కూడా శిథిలమైపోయాయి.

నీరు పల్లమెరుగు అంటారు. గాలీ అంతే, దాని పల్లం పీడనం తక్కువగా ఉన్న చోటు. కారు నోటిలోంచి వచ్చిన గాలికి రెక్కల నడుమ దూరిపోవడం శ్రమ. పక్కన సందు ఉంటే అది అక్కడినుంచే జారుకుంటుంది. కింద పలక లేకపోతే బండి కిందినుంచి పోయే గాలి ఇంజను గదిలోకి ఎగదన్ని, రేడియేటరు వెనుక పీడనాన్ని పెంచుతుంది. ముందూ వెనుకా పీడనం సమానమైతే ఇక గాలి ఎందుకు కదులుతుంది? అప్పుడు రేడియేటరు ఎంత పెద్దదైనా అది గోడే. విమానాలవారు ఈ సంగతిని 1930లలోనే గ్రహించారు. ఇంగ్లండులో ఫార్న్‌బరో పరిశోధనాలయానికి చెందిన మెరెడిత్ 1935 ప్రాంతంలో, గాలిని సరైన గొట్టంలో నెమ్మదింపజేసి, రేడియేటరులో వేడెక్కించి, సరైన మూతిలోంచి బయటికి వదిలితే, రేడియేటరు వల్ల కలిగే నిరోధంలో కొంత తిరిగి రాబట్టుకోవచ్చునని లెక్కగట్టి చూపాడు. 1940లో తొలిసారి ఎగిరిన ముస్టాంగ్ యుద్ధవిమానం పొట్ట కింద కనిపించే ఆ పెద్ద నోరు ఈ ఆలోచన ఫలమే. రేడియేటరు పరిమాణం కంటే దానికి గాలి వచ్చే దారీ పోయే దారీ ముఖ్యమని తొంభై ఏళ్ళ నాడే తేలిన విషయం. మన అంగళ్ళవారు దారి అమ్మరు, పరిమాణం అమ్ముతారు. దారికి మెరుపు లేదు మరి.

పాత బండ్ల అంగట్లో ఒక అండర్‌ట్రే సంపాదించి బిగించాను. సందులన్నిటికీ నురుగు పట్టీలు అతికించాను. రెండు గంటల పని, ఖర్చు రేడియేటరు ఖరీదులో ఆరో వంతు. అదే ఎండ, అదే రహదారి, మాపకం 93 దగ్గర నిలబడింది. పాత పరిమాణపు రేడియేటరే కొత్తది బిగించుకొని ఈ పని చేసి ఉన్నా నిలబడేదని నా నిశ్చితాభిప్రాయం.

మా మిత్రుడు దీనికి ఏమంటారో ఊహించగలను. "మందం ఎక్కువైతే నష్టమేముంది, ఉండనివ్వండి." నష్టం ఉంది. గాలి మొదటి వరుస గొట్టాలను దాటేసరికే వేడెక్కుతుంది. రెండో వరుసకు అందేది వేడిగాలి, మూడో వరుసకు అందేది అంతకంటే వేడిగాలి. వేడి ప్రవహించేది తేడా ఉన్నప్పుడే గనుక వెనుక వరుసలు చేసే పని తరిగిపోతూ ఉంటుంది. కాగా మందం పెరిగిన కొద్దీ గాలికి నిరోధం పెరుగుతుంది. వేగంలో పర్వాలేదు. ట్రాఫిక్‌లో నిలబడినప్పుడు ఆ చిన్న ఫ్యాన్లు ఆ మందాన్ని పీల్చలేక ఆయాసపడతాయి. సరైన దారి వేసి ఉంటే, పందెపు బండికో, టర్బో బిగించిన బండికో మందం ఉపయోగపడుతుంది. కొడుకును పక్కన కూర్చోబెట్టుకొని విహారానికి పోయే బండికి అది అలంకారం.

ఇక నీటి వైపు. ఇంజను, రేడియేటరుల నడుమ థర్మోస్టాట్ అనే చిన్న తలుపు ఉంటుంది. లోపలి మైనం కరిగి వ్యాకోచించినప్పుడు, అంటే సాధారణంగా 82 నుంచి 88 డిగ్రీల నడుమ, అది తెరుచుకోవడం మొదలవుతుంది. చెరువుకు తూము ఎలాగో దీనికిది అలాగ. మూతలో ఉండే స్ప్రింగు చెరువుకు అలుగులాంటిది, పీడనం హద్దు దాటితే అదనపు నీటిని పక్క సీసాలోకి వదులుతుంది. ఆ పీడనం వల్లనే నీరు 100 దగ్గర మరగకుండా నిలబడుతుంది. బయటి గాలి కంటే ఒక వాతావరణం పీడనం అదనంగా ఉంటే శుద్ధజలం 120 డిగ్రీల దగ్గర గాని మరగదు. మూత రబ్బరు పాడైతే ఈ రక్షణంతా పోతుంది. కాఫీ ఖర్చుతో వచ్చే ఆ మూతను మార్చకుండా వందల డాలర్ల రేడియేటరు కొనేవాళ్ళను నేనెరుగుదును. థర్మోస్టాట్ సగం మూసుకొని బిగుసుకుపోతే వెనుక ఎంత పెద్ద చెరువు తవ్వినా ప్రయోజనం లేదు. అది సరిగ్గా పనిచేస్తుంటే, పెద్ద రేడియేటరు వల్ల మామూలు రోజున బండి ఒక్క డిగ్రీ కూడా చల్లగా నడవదు. తూము తెరుచుకునే మట్టమే ఆ రోజుకు నియమం. పెద్ద రేడియేటరు ఇచ్చేది విపత్కాలానికి కొంత నిల్వ, అంతే.

ఈ బండికి ఇంకొక జన్మదోషం ఉంది. దీని ఇంజను వంశం మాజ్దా 323 అనే, ముందు చక్రాలతో నడిచే కారుది. అందులో ఇంజను అడ్డంగా ఉండేది. పంపు ఒక కొసన నీటిని తోస్తే, అది ఇంజనంతా తడిపి రెండో కొసన బయటికి వచ్చేది. మియాటా కోసం ఇంజనును నిలువుగా తిప్పేసరికి వెనుక గోడ దగ్గర చోటు ఇరుకైంది. నీరు బయటికి వచ్చే దారిని, థర్మోస్టాట్‌తో సహా, పంపు ఉన్న ముందు కొసకే తెచ్చారు. నీరు ముందునుంచి వచ్చి ముందునుంచే పోతుంది. వెనుకనున్న నాలుగో సిలిండరు దాకా వెళ్ళేది తక్కువ, అక్కడినుంచి హీటరుకు పోయే సన్నని గొట్టమే దానికి దిక్కు.

ఇది చదివినప్పుడు నాకు దివిసీమలో కాలువ చివర ఉన్న మా నాన్నగారి రెండెకరాలు కళ్ళముందు మెదిలాయి. ప్రకాశం బ్యారేజి దగ్గర నీరు నిండుగా ఉందని పేపర్లో వచ్చేది. మా చేలో బీటలు. శివారు భూమి రైతుకు బ్యారేజిలో ఎన్ని అడుగుల నీరుందో చెప్పి ఓదార్చడం ఎంత క్రూరమో, నాలుగో సిలిండరు బాధకు మందు రేడియేటరు మందం పెంచడమేననడం అంత అవివేకం. కాలువను సరిచేయాలి. అలా సరిచేసే పద్ధతి ఉంది. థర్మోస్టాట్‌ను తల వెనుక కొసకు మార్చి, ముందు దారి మూసి, వెనుకనుంచి రేడియేటరుకు గొట్టం వేస్తారు. శ్రమతో కూడిన పని, వెనుక చేయి దూరదు, కణుపులు చెక్కుకుపోతాయి. పందెపు మైదానంలో గంటల తరబడి బండిని తోలేవారికీ, టర్బోవారికీ అది అవసరం. మామూలుగా నడిపేవారికి అక్కరలేదు, నేనూ చేయించలేదు. అయినా చెబుతున్నానెందుకంటే, ఈ బండిలో నిజంగా తెలిసినవారు ముందు ఈ కాలువ సంగతి మాట్లాడతారు, రేడియేటరు సంగతి తర్వాత మాట్లాడతారు.

రెండో పక్షం వారినీ వదలను. బండిలోని ప్రతి వస్తువూ పుట్టినప్పటిదే ఉండాలి, బయటి రేడియేటరు పెడితే అపచారం అనేవారు. ఒక పెద్దమనిషి నా బండి చూసి మూలరూపం చెడిందని విచారించారు. తాళపత్రానికి పట్టిన చెదలను కూడా ప్రామాణిక పాఠంలో చేరుస్తామా? ముప్ఫై ఏళ్ళు ఉడికిన ప్లాస్టిక్ తొట్టి కవిహృదయం కాదు. బ్రేకు పలకల్లాగా, చక్రాల రబ్బరులాగా అరిగిపోవడానికే పుట్టిన వస్తువది. కంపెనీ రకానిదే కొత్తది దొరికితే అదే వేయండి, శుభం. దొరక్కపోతే, లేదా పగలని లోహపు తొట్టి కావాలనుకుంటే బయటిది వేయండి. నేను బయటిది వేసిన కారణం ఒక్కటే, ప్లాస్టిక్ పగులుతుంది, వెల్డింగు చేసిన అల్యూమినియం అంత సులభంగా పగలదు. చల్లదనం కోసం కాదు. ఈ కారణభేదమే నా వాదమంతా. కారణం తెలిసి చేసినవాడు ఆ తర్వాత కూడా మూత చూస్తాడు, గొట్టాలు పిసికి చూస్తాడు, పలక ఉందో లేదో చూస్తాడు.

ద్రవం సంగతి కూడా చెప్పి తీరాలి. సరిసగం కలిపిన ఇథిలీన్ గ్లైకాల్ మిశ్రమం సున్నాకు కింద 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు. వేడిని మోయడంలో ఉత్తనీటిదే పైచేయి అన్నది నిజం. ఆ నిజాన్ని పట్టుకొని ఎండాకాలమంతా ఉత్తనీరు పోసి, చలికాలం మరచిపోయేవారున్నారు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ ఎలా గడ్డకట్టిందో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. పైగా అల్యూమినియాన్ని తుప్పు నుంచి కాపాడే మందులు ఆ మిశ్రమంలోనే ఉంటాయి. అయితే ఆ గ్లైకాల్ తియ్యని విషం. విప్పిన ద్రవాన్ని బేసిన్‌లో వదిలేసి భోజనానికి పోతే పక్కింటి కుక్కో పిల్లో నాకి చస్తుంది. మూత ఉన్న డబ్బాలో పోసి, సేకరణ కేంద్రానికి ఇచ్చేదాకా పని పూర్తికానట్టే. కొత్తది నింపేటప్పుడు బండి ముక్కు పైకెత్తి, హీటరు పూర్తిగా తెరిచి, బుడగలు రావడం ఆగేదాకా ఓపిక పట్టాలి. లోపల చిక్కుకున్న గాలిబుడగ వెళ్ళి కూర్చునేది ఆ శివారు సిలిండరు దగ్గరే.

మిత్రమా, మీ పెట్టె ఇంకా విప్పలేదన్నారు. విప్పకండి. ఈ శనివారం ఉదయం ఎనిమిదింటికి ఎండెక్కకముందే వస్తాను. మీ బండిది 1994 మోడలు, ఇంజను కొంచెం పెద్దది, మిగతా కథంతా ఒకటే. ముందు ఇద్దరం కింద పడుకొని పలక ఉందో లేదో చూద్దాం. పైతొట్టి రంగు చూద్దాం. చేతిపంపు తెస్తాను, పీడనం ఎక్కించి పావుగంట ఆగి సూది దిగుతుందేమో చూద్దాం. థర్మోస్టాట్‌ను వంటగదిలో గిన్నెలో వేసి ఎన్ని డిగ్రీలకు తెరుచుకుంటుందో మీ అబ్బాయి చేత చెప్పిద్దాం, వాడికీ సరదాగా ఉంటుంది. ఇవన్నీ అయ్యాక రేడియేటరు మార్చవలసిందే అని తేలితే మారుద్దాం. బోల్టులు మాత్రం పొట్టివి నాలుగు నా దగ్గర మిగిలి ఉన్నాయి, పట్టుకొస్తాను.